అన్నవాహికకి గండి పడితే...

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. కోడు రాసుకుని బతికే మామూలు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. ఉద్యోగం హైదరాబాదులో, అమ్మానాన్నా ఊళ్ళో. ఇది చదివేవాళ్ళలో చాలామందిది ఇదే పరిస్థితి అని నా నమ్మకం. అందుకే ఈ మధ్య కాస్త చదివి, తెలిసిన డాక్టర్లని కాస్త విసిగించి తెలుసుకున్న ఒక విషయం మీద నా అభిప్రాయం రాద్దామనిపించింది.

విషయం ఏంటంటే, అన్నవాహికకి చిల్లు పడటం. గొంతు దగ్గర్నుంచి పొట్టదాకా ఉండే పాతిక సెంటీమీటర్ల గొట్టం అది. దానికి చిల్లు పడితే ఇదివరకు ఛాతీ కోసి కుట్టడం ఒక్కటే దారి. ఇప్పుడు చాలా కేసుల్లో నోట్లోంచి ఎండోస్కోపు పంపించి లోపల్నుంచే మూసేస్తున్నారు. "కోత లేకుండా అరుదైన చికిత్స" అని పేపర్లో వార్త వస్తుంది. మనం కూడా "అబ్బో, టెక్నాలజీ ఎక్కడికో వెళ్ళిపోయింది" అనుకుని పేజీ తిప్పేస్తాం. నా గొడవంతా ఆ వార్తలో రాయని సంగతి గురించే. చిల్లు పడిన ఎన్ని గంటలకి ఆ మనిషి ఆ టేబుల్ మీదకి చేరాడు? ఈ జబ్బులో బతుకైనా చావైనా చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడి ఉంది. ఆ అంకె తగ్గించడం హైదరాబాదు స్పెషలిస్టుల చేతిలో కంటే మన చేతిలో, మన ఊళ్ళ చేతిలో ఎక్కువ ఉంది.

గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది అర్థం కావడానికి "గండి" అన్న ఒక్క మాట చాలు. కాలవగట్టుకి చిన్న బుంగ పడిందనుకోండి. చూసినవాడు వెంటనే కేకేసి నలుగుర్ని పిలిస్తే నాలుగు ఇసక బస్తాలతో పని అయిపోతుంది. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే తెల్లారేసరికి అది గండి అయి కూర్చుంటుంది, చేలు మునిగిపోతాయి. అప్పుడిక సరుగుడు బాదులు, వందల బస్తాలు, పది రోజుల పని. 1986 వరదల్లో గట్లు తెగిన సంగతి మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తుంటారు.

అన్నవాహిక సంగతీ అంతే. పొట్టకీ పేగులకీ ఉన్నట్టు దానికి బయట గట్టి పొర లేదు. పక్కనే గుండె, ఊపిరితిత్తులు, శరీరంలోకెల్లా పెద్ద రక్తనాళం. మనం ఏమీ తినకపోయినా రోజుకి లీటరు అటూఇటూగా ఉమ్మి మింగుతూనే ఉంటాం. చిల్లుంటే ఆ ఉమ్మి, తిన్న అన్నం, పొట్టలోంచి ఎగదన్నే యాసిడ్, వాటితోపాటు క్రిములు అన్నీ ఛాతీలోకే పోతాయి. పైగా మనం ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఛాతీ లోపల ఒత్తిడి తగ్గి, ఆ చెత్తని ఇంకా లోపలికి లాక్కుంటుంది. గంటల్లో వాపు, ఒకటి రెండు రోజుల్లో చీము, ఆ తర్వాత ఒళ్ళంతా ఇన్ఫెక్షన్.

పాఠ్యపుస్తకాల్లో ఉన్న లెక్క ఏంటంటే, 24 గంటల లోపు గుర్తించి వైద్యం మొదలుపెడితే చనిపోయేవాళ్ళు 10 నుంచి 25 శాతం. ఆ గడువు దాటితే 40 నుంచి 60 శాతం. ఇవి కొంచెం పాత లెక్కలే, ఇప్పుడు మంచి ఆసుపత్రుల్లో రెండు అంకెలూ తగ్గాయి. కానీ తొందరగా వచ్చినవాళ్ళకీ ఆలస్యంగా వచ్చినవాళ్ళకీ మధ్య తేడా మాత్రం అలాగే ఉంది.

ఈ జబ్బుకి పెద్ద చరిత్రే ఉంది. 1724లో హాలండులో బూర్‌హావే అనే డాక్టరు ఒక నౌకాదళ అధికారి కేసు రాశాడు. ఆయన బాతు మాంసంతో విందు చేసి, కడుపు బరువుగా ఉందని మందు తాగి వాంతి చేసుకోబోయాడట. ఛాతీలో ఏదో తెగినట్టు నొప్పి వచ్చింది, ఒక్క రోజులోనే పోయాడు. శవాన్ని కోసి చూస్తే అన్నవాహిక చిరిగి ఉంది, తిన్నదీ తాగిందీ ఛాతీలో ఉంది. గట్టి వాంతితో అన్నవాహిక చిరిగితే ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అలాంటి చిరుగుని కుట్టి మనిషిని బతికించింది మాత్రం 1947లో, ఇంగ్లండులో బారెట్ అనే సర్జను. మధ్యలో రెండొందల ఏళ్ళకి పైగా అది వచ్చినవాళ్ళు దాదాపు అందరూ పోవడమే.

మరి ఇప్పుడు చిల్లు ఎందుకు పడుతుంది? వినడానికి వింతగా ఉంటుంది గానీ, సగానికి సగం కేసుల్లో కారణం డాక్టర్లు చేసే ఎండోస్కోపీ, లేదా ఇరుకైన అన్నవాహికని వెడల్పు చేసే ప్రక్రియే. ఎంత నేర్పున్న చేతిలోనైనా అరుదుగా జరుగుతుంది. మిగతావి గట్టి వాంతులు, మింగిన ముళ్ళు, ఎముకలు, పిల్లలు మింగే బటన్ బ్యాటరీలు, బాత్‌రూమ్ కడిగే యాసిడ్, కేన్సర్ ఆపరేషన్ తర్వాత వేసిన అతుకు వదలడం.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఎండోస్కోపీ చేస్తుండగా పడిన చిల్లు డాక్టరు కళ్ళ ముందే పడుతుంది. పేషెంటు పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, లోపల శుభ్రంగా ఉంది. అక్కడికక్కడే క్లిప్పు వేసేస్తారు, చాలామంది కొద్ది రోజుల్లో ఇంటికెళ్ళిపోతారు. అదే సైజు చిల్లు శనివారం రాత్రి పార్టీ తర్వాత వాంతి చేసుకున్న మనిషికి పడి, సోమవారం సాయంత్రం బయటపడితే ఐసీయూలో వారాలు. చిల్లు అదే, గొట్టం అదే. మారింది టైము, లోపలికి పోయిన చెత్త. బగ్గు డెవలప్‌మెంటులో దొరికితే అరగంట పని, ప్రొడక్షన్లోకి పోయి డేటా పాడయ్యాక దొరికితే నెల పని అని రోజూ చెప్పుకునే మనకి ఇది ఇంకా విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా :)

ఇక కోనసీమకొద్దాం. మా వైపు ఒకాయన ఉన్నారు, నాకు బాబాయి వరస. పులస సీజన్లో ఇంట్లో ముల్లు గుచ్చుకుంది. మనందరి ఇళ్ళలో చేసేదే చేశారు, అరటిపండు మింగించారు, అన్నం ముద్దలు చేసి నమలకుండా మింగమన్నారు. "దిగిపోయిందర్రా" అన్నారు. మర్నాడు గుండెల్లో మంట, వెనక వీపులోకి నొప్పి. ఊళ్ళో వైద్యం చేసేవాడు వచ్చి "ఆయ్, గేసేనండి, ఏం కంగారు లేదు" అని సూదిమందేసి వెళ్ళాడు. మూడో రోజు చలిజ్వరం, ఆయాసం. అప్పుడు కారెక్కించి కాకినాడ. సీటీ స్కాన్ తీస్తే అన్నవాహిక పక్కన చీము. అక్కణ్ణుంచి హైదరాబాదు. స్టెంటు వేశారు, ఛాతీలోకి గొట్టం పెట్టి చీము తీశారు, నెలన్నర ఉన్నారు. బతికి బయటపడ్డారు, కొబ్బరితోట కొంత పోయింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే "హైదరాబాదు డాక్టర్లు దేవుళ్ళు" అంటారు. నిజమే. కానీ ఆ మొదటి రెండు రోజుల గురించి ఎవరూ మాట్లాడరు.

నిజం చెప్పాలంటే చేపముల్లు ఎక్కువసార్లు గొంతులోనే, టాన్సిల్ చుట్టుపక్కలే ఇరుక్కుంటుంది. చెవి-ముక్కు-గొంతు డాక్టరు ఐదు నిమిషాల్లో తీసేస్తాడు. చిల్లు దాకా వచ్చేది చాలా తక్కువ. కానీ కిందకి దిగి అన్నవాహికలో గుచ్చుకుని ఉన్న ముల్లు మీద నుంచి అన్నం ముద్ద తోయడం అంటే మేకు మీద సుత్తితో కొట్టినట్టే. అన్నవాహికలో ఇరుక్కున్న మొనదేలిన వస్తువుల్నీ, బటన్ బ్యాటరీల్నీ వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లో తీసేయాలని యూరోపు ఎండోస్కోపీ డాక్టర్ల సంఘం 2016లో రాసిన మార్గదర్శకాలు చెప్తున్నాయి. మనం ఆ ఆరు గంటలూ అరటిపళ్ళతో గడిపేస్తాం.

సరే, ఆ ఎండోస్కోపీ వైద్యం ఏంటో మళ్ళీ గండి భాషలోనే చెప్తా.

మొదటిది క్లిప్పు, అంటే ఇసక బస్తా. చిల్లు చిన్నది, కొత్తది అయితే ఎండోస్కోపులోంచి చిన్న లోహపు క్లిప్పులు పంపి రెండు అంచుల్నీ దగ్గరికి పట్టేస్తారు. సుమారు సెంటీమీటరు లోపైతే మామూలు క్లిప్పులు, అంతకంటే పెద్దదైతే ఎండోస్కోపు మొనకి తొడిగి వదిలే పెద్ద క్లిప్పు. అది చూడ్డానికి ఎలుగుబంటి పంజాలా ఉంటుంది. అంచులు వాచి మెత్తబడిపోతే మాత్రం క్లిప్పు నిలవదు, బురదలో బస్తా జారినట్టే.

రెండోది స్టెంటు, అంటే గండి పడిన చోట కాలవలోపల తూము పరిచి నీళ్ళని అందులోంచి పంపడం. పైన పొర తొడిగిన లోహపు జల్లెడ గొట్టం అది. లోపల తెరుచుకుని చిల్లుని కప్పేస్తుంది, కింద గాయం మానుతుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలకి తీసేస్తారు. దీంతో వచ్చే ఇబ్బంది జారిపోవడం. ఐదుగురిలో ఒకరికైనా జారుతుంది, మళ్ళీ సర్దాలి. ఇంకో సంగతి, గట్టు మూసినంత మాత్రాన చేలో నీళ్ళు పోవు కదా. ఛాతీలో చేరిన చీముని వేరే గొట్టంతోనో, చిన్న ఆపరేషన్‌తోనో తీయాల్సిందే.

మూడోది వ్యాక్యూమ్ వైద్యం, ఇది మోటారు పెట్టి తోడటం. స్పాంజి ముక్కని సన్నని గొట్టం చివర కట్టి ఎండోస్కోపుతో ఆ చిల్లు దగ్గరే, అవసరమైతే చీము గుంటలోనే పెడతారు. గొట్టం ముక్కులోంచి బయటికొచ్చి పంపుకి తగులుతుంది. పంపు లాగుతుంటే చీము బయటికొస్తుంది, లోపల కొత్త కండ పుట్టి గుంట పూడుతుంది. జర్మనీ సర్జన్లు మొదట పెద్దపేగు అతుకులు వదిలినప్పుడు వాడారు, 2000ల రెండో సగంలో అన్నవాహికకి తెచ్చారు. ఆలస్యంగా బయటపడిన కేసులకి ఇది బాగా పనికొస్తుంది. కానీ స్పాంజిని మూడు నుంచి ఐదు రోజులకోసారి మార్చాలి, ప్రతిసారీ ఎండోస్కోపీ చేయాలి. ఇలా రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ రోజులన్నీ నోటితో తిండి లేదు, పేగులోకి వేసిన గొట్టంలోంచే ఆహారం. "కోత లేదు" అన్నది నిజమే గానీ, సులువు అని మాత్రం ఎవరైనా చెప్తే నమ్మకండి. కొన్ని కేసుల్లో ఇప్పటికీ ఛాతీ తెరవాల్సే వస్తుంది.

దీనిలో మనవాళ్ళ పాత్ర కూడా చెప్పుకోవాలి. గచ్చిబౌలిలో మనం రోజూ ట్రాఫిక్కులో తిట్టుకుంటూ దాటే ఏఐజీ ఆసుపత్రి అధిపతి నాగేశ్వరరెడ్డి గారు కర్నూలు మెడికల్ కాలేజీలో చదివినవారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ వచ్చాయి. 2000ల మొదట్లో ఆయన, సర్జన్ జి.వి. రావు గారు కలిసి నోట్లోంచి ఎండోస్కోపు పంపి, పొట్ట గోడకి కావాలనే చిల్లు పెట్టి, అందులోంచి అపెండిక్స్ తీసి చూపించారు. ప్రపంచమంతా హైదరాబాదు వైపు చూసింది. ఆ తరహా ఆపరేషన్లు తర్వాత అంతగా వాడుకలోకి రాలేదు. కానీ "పెట్టిన చిల్లుని నమ్మకంగా మూయడం ఎలా?" అన్న ప్రశ్న అప్పుడు ఎండోస్కోపీ ప్రపంచాన్ని పట్టుకుంది. ఇవాళ వాడుతున్న పెద్ద క్లిప్పులు, ఎండోస్కోపుతో కుట్టే పరికరాల వెనక ఆ ప్రశ్న కూడా ఉంది.

ఇక్కడే మా ఫ్రెండ్స్‌తో నాకు పేచీ. "మరి ఇదంతా అమలాపురంలో ఎందుకు పెట్టకూడదు? మనవాళ్ళు అమెరికాలో ఇంతమంది ఉన్నారు, తలా కాస్తా వేసుకుంటే మిషను కొనలేమా?" అంటారు. ఆవేశం మంచిదే, లెక్క చూద్దాం. పాశ్చాత్య దేశాల లెక్కల్లో అన్నవాహిక చిల్లు ఏడాదికి పది లక్షల మందిలో ముగ్గురికి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి కోనసీమ జిల్లాలో ఉన్నది దాదాపు 17 లక్షలు. అంటే ఏడాదికి ఐదారుగురు, మనకి ముళ్ళూ యాసిడ్లూ ఎక్కువ అనుకుని రెట్టింపు చేసినా పది పన్నెండు మంది. రెండు నెలలకి మూణ్ణాలుగుసార్లు కూడా చెయ్యని పనిలో ఎవరి చెయ్యీ తిరగదు. పైగా ఎండోస్కోపీ డాక్టరు ఒక్కడుంటే సరిపోదు, ఛాతీ సర్జను, స్కాన్ చూసి గొట్టం పెట్టే రేడియాలజిస్టు, మంచి ఐసీయూ ఒకే చోట ఉండాలి. శిలాఫలకం మీద మన పేర్లుంటాయి, లోపల మిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది.

దానికి బదులు అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో ఉండాల్సినవి వేరే. వాంతి తర్వాత ఛాతీ నొప్పి అంటే చిల్లేమో అని అనుమానపడే డ్యూటీ డాక్టరు. రాత్రి పదకొండింటికైనా తీసే సీటీ స్కాను. నోటికి నీళ్ళు కూడా ఆపేసి, సెలైను, యాంటీబయాటిక్ మొదలుపెట్టడం. ఛాతీలో చీమో గాలో ఉంటే అక్కడే గొట్టం వేసి పంపడం. పెద్దాసుపత్రికి ముందే ఫోను చేసి స్కాన్ బొమ్మలు పంపి, వీళ్ళు దారిలో ఉండగానే అక్కడ టీము సిద్ధమవ్వడం. ఇందులో కోట్ల మిషను ఏదీ లేదు. ఫోను, బొమ్మలు, ఒక కాగితం మీద రాసిన పద్ధతి. డబ్బులిచ్చే ఉద్దేశం ఉన్నవాళ్ళు శిక్షణకీ, అంబులెన్సుకీ ఇవ్వండి.

మాది నదీపాయల మధ్య దేశం. యానాం-ఎదుర్లంక వారధి వచ్చింది 2002లో, అంతకుముందు కాకినాడ వెళ్ళాలంటే పంటు కోసం కాచుక్కూర్చోవడమే. ఇప్పటికీ లంకల్లో ఉన్నవాళ్ళకి వరదొస్తే పడవే గతి, 2022 జులైలో అందరూ చూశారు. తమాషా ఏంటంటే పులస ఎదురీదేది కూడా ఆ ఎర్రనీళ్ళ రోజుల్లోనే. దారిలో పోయే గంటల్ని మనం పూర్తిగా తగ్గించలేం. ఇంట్లో, వీధి చివర డాక్టరు దగ్గర పోగొట్టే గంటల్ని తగ్గించొచ్చు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలినప్పుడు, వాసన ముందునుంచే వస్తోందని ఊరివాళ్ళు చెప్పారు. లీకు ఎక్కడైనా ముందు సంకేతం ఇస్తుంది, పట్టించుకునేవాళ్ళు కావాలి.

అందుకని ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు కొబ్బరి రేటు అడిగాక ఇవి కూడా చెప్పండి.

ముల్లు దిగాక గొంతులో గానీ ఛాతీలో గానీ నొప్పి పోకపోతే, మింగుడు పడకపోతే అరటిపండు, అన్నం ముద్ద, నీళ్ళు అన్నీ ఆపేయాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మామూలు ఎక్స్‌రేలో చేపముల్లు చాలాసార్లు కనపడదు, సీటీలో కనపడుతుంది.

గట్టిగా వాంతయ్యాక ఛాతీలో, వీపులో తీవ్రమైన నొప్పి మొదలైతే గుండెనొప్పికి పరిగెత్తినట్టే పరిగెత్తాలి. ఈసీజీ బాగుంది, గ్యాస్ అంటే అక్కడితో లేచి రాకుండా "ముందు వాంతయిందండి, ఆ తర్వాతే నొప్పి. అన్నవాహిక ఒకసారి చూస్తారా?" అని అడగాలి. మెడ దగ్గర చర్మం నొక్కితే లోపల గాలి చేరి చిటపటమంటే ఇక అనుమానమే అక్కర్లేదు. అది లేనంత మాత్రాన చిల్లు లేదని కాదు, సగం మందిలో అది కనపడదు.

పిల్లలు బటన్ బ్యాటరీ మింగారని అనుమానమొచ్చినా గంట కూడా ఆగకూడదు. రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. యాసిడ్ తాగినవాళ్ళకి వాంతి చేయించకూడదు, దిగేటప్పుడు కాల్చింది ఎక్కేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది.

ఇక మనకోసం ఒకటి. ఆఫీసు పాలసీలో అమ్మానాన్నలకి ఎంత కవరుందో ఇవాళే చూసుకోండి. ఈ వైద్యం ఒక్క ఆపరేషనుతో తేలేది కాదు, వారాల తరబడి సాగేది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేముందు ఫోనులో "స్టెంటు, వ్యాక్యూమ్ రెండూ చేస్తారా? ఛాతీ సర్జను ఉన్నారా?" అని అడగండి. లేదంటే దారిలో ఇంకో ఆసుపత్రి మారాల్సొస్తుంది, ఆ గంటలు కూడా లెక్కలోకే వస్తాయి.

నేను రాసినదాంట్లో వైద్యపరంగా తేడా ఏమైనా ఉంటే డాక్టర్లెవరైనా సరిచేయండి, సంతోషంగా మార్చేస్తా. అమలాపురంలో మిషనే పెట్టాలి అనేవాళ్ళు కూడా రండి, వాదించుకుందాం. ఈలోపు ఇంటికి ఫోను మాత్రం చెయ్యండి.